అట్టలు చింపకు

వనపర్తిలో నాకు తెలిసిన పాత పేపర్ల దుకాణదారుడికి ఒక అలవాటుండేది. పుస్తకం చేతికందగానే దాన్ని వెల్లకిలా తిప్పి, అట్టను రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజేవాడు. అట్ట ఒక బస్తాలోకి, లోపలి కాగితం ఇంకో బస్తాలోకి. ‘అట్లెందుకు చింపుతవయ్యా?’ అంటే, ‘అట్టకు వేరే రేటు, కాయితానికి వేరే రేటు సారూ. రెండూ కలిపి తూకమేస్తే నాకేం మిగుల్తది?’ అనేవాడు. ఆ లెక్కలో తప్పేం లేదు. కానీ ఆ గుంజుడుకు అట్టతో పాటు లోపల అంటుకుని ఉన్న మొదటి రెండు కాగితాలు, చివరి ఒకటి రెండు కాగితాలు కూడా ఊడి వచ్చేవి. పుస్తకం ఎవరు రాశారో, ఎవరికి అంకితమిచ్చారో, ఎక్కడ అచ్చేశారో, ఎవరింట్లో ఉండి వచ్చిందో చెప్పేవి ఆ కాగితాలే. పుస్తకం నోరు అక్కడ ఉంటుంది. ఆయన కిలోల కొద్దీ పుస్తకాల నోళ్లు ఊడబీకి బస్తాల్లో పోసేవాడు.

ముప్పై ఏళ్లకు పైగా బళ్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. పాత పుస్తకాల పిచ్చి ఉద్యోగంలో ఉన్నప్పుడే పట్టింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మధ్య బస్సుల్లో తిరిగి, అటకల మీద నుంచి, పశువుల కొట్టాల్లోంచి, ఇలాంటి దుకాణాల్లోంచి కొంత పోగు చేశాను. ఈ మూడు ఊళ్లూ 2016 అక్టోబరు దాకా పాత మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఇప్పుడు మూడూ జిల్లా కేంద్రాలు. వానలు లేని, వలసలకు పేరుమోసిన పాలమూరులో పాత పుస్తకాలేమిటని హైదరాబాదు మిత్రులు నవ్వేవారు. దానికి ఇక్కడ ఒక కారణం ఉంది. ఆ కారణం పేరు సంస్థానం.

నిజాం ఏలుబడిలో కప్పం కట్టుకుంటూ, తమ హద్దుల్లో తాము పాలించుకున్న చిన్న రాజ్యాలు ఇవి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, గోపాలుపేట, జటప్రోలు. జటప్రోలు రాజధాని తర్వాత కొల్లాపురానికి మారింది. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేస్తూ మెట్టిన సంస్థానాల్లో గద్వాల, ఆత్మకూరు, వనపర్తి ఉన్నాయి. ‘నానారాజసందర్శనము’ అని వాళ్ల పుస్తకమే ఒకటి ఉంది. జటప్రోలు సురభి వారి కథ ఇంకా వెనక్కి పోతుంది. సురభి మాధవరాయలు స్వయంగా ‘చంద్రికా పరిణయము’ రాశాడు. ఎలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసి, సురభి మల్లభూపాలుడి పేరు మకుటంలోనే పెట్టి, దానికి ‘మల్లభూపాలీయం’ అని పేరు కట్టాడు. రాజు పేరు మకుటంలో ఉంటే దాన్ని చింపడం ఎవరి తరమూ కాదు. ప్రతి పద్యం చివరా వస్తుంది. ఆ కాలం కవి ఎంత ముందుచూపు గలవాడో పాత పేపర్ల దుకాణంలో నిలబడ్డాక గానీ నాకు తెలియలేదు.

సంస్థానంలో పుస్తకం పుట్టే పద్ధతి వేరు. ఈ రోజు రచయిత రాస్తాడు, ప్రచురణకర్త వేస్తాడు, కొనేవాడు కొంటాడు. అప్పుడు కవి కావ్యం రాసి రాజుకు కృతి ఇచ్చేవాడు. రాజు కృతిపతి అయ్యేవాడు, కవికి కట్నమిచ్చేవాడు. అచ్చు వచ్చాక ఆ ఖర్చూ ఆయనదే. ప్రతులు సభలో పండితులకు, బంధువులకు, పొరుగు సంస్థానాలకు పంచేవారు. అందుకే నా దగ్గరున్న కొన్ని సంస్థానపు పుస్తకాల్లో వెల ఉండాల్సిన చోట ‘అమూల్యము’ అని ఉంటుంది. మూల్యం పుచ్చుకోకుండా ఇచ్చేది అని వాళ్ల ఉద్దేశం. వెల కట్టలేనిది అని మనం చదువుకుంటాం. రెండర్థాల మధ్య నూరేళ్లు గడిచిపోయాయి.

కొనేవాడి కోసం అచ్చేసింది కాదు కాబట్టి పుస్తకం అంగడికి పోలేదు. తక్కువ ప్రతులు వేశారు, తెలిసిన ఇళ్లకే పోయాయి. ఆ ఇళ్లు నిలబడ్డంత కాలం నిలబడ్డాయి. 1949లో జాగీర్లు రద్దయి సంస్థానాలు పోయాక పండితులకు ఏటేటా ఇచ్చే వర్షాశనాలూ ఆగిపోయాయి. పిల్లలు ఇంగ్లిషు చదువుకు, ఆ తర్వాత హైదరాబాదుకు పోయారు. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ వచ్చింది. వనపర్తి రాజమహల్లో పాలిటెక్నిక్ వచ్చింది. వనపర్తి చివరి రాజా జె. రామేశ్వరరావు పార్లమెంటు సభ్యుడయ్యారు, ఆపైన ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు అధిపతి అయ్యారు. పూర్వీకులు పుస్తకాలు అచ్చేసి ఊరికే పంచితే, ఆయన పుస్తకాల వ్యాపారంలోకే దిగారు. సంస్థానం కథకు ఇంతకన్నా తగిన ముగింపు ఉండదనిపిస్తుంది.

ఇక అచ్చుకు ముందరి సంగతి. తాటాకు ప్రతి దొరికితే మొదట పద్యాలు చదవొద్దు, చివరి ఆకు చూడాలి. రాసినవాడు పని ముగిశాక సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం వేసి, తన పేరు చెప్పుకుని, ఎవరి కోసం రాశాడో చెప్తాడు. నూనె, నీళ్లు తగలనివ్వొద్దని, కట్టు వదులుగా కట్టొద్దని మొర పెట్టుకుంటాడు. తిథి, వారం ఉంటే మన పని సగమైనట్టే. ప్రభవ, విభవ అంటూ సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్లకోసారి తిరిగొస్తాయి. కానీ ఫలానా మాసం ఫలానా తిథి ఫలానా వారం నాడే పడడం ప్రతి ఆవృత్తిలోనూ జరగదు. ఎల్.డి. స్వామికన్ను పిళ్లై 1922లో వెలువరించిన ‘ఇండియన్ ఎఫిమెరిస్’ సంపుటాల్లో శతాబ్దాల తిథులకు ఇంగ్లిషు తేదీలు లెక్కగట్టి పెట్టారు. వాటితో సరిచూస్తే రాసినవాడు గంటం కింద పెట్టిన రోజు దొరుకుతుంది. అయితే చివరి ఆకే కట్టకు బయటివైపు ఉంటుంది. ముందుగా విరిగేదీ, చెద పట్టేదీ అదే.

తాటాకుల మీద పడిన పెద్ద దెబ్బ చెదలది కూడా కాదు, నీళ్లది. శ్రీశైలం జలాశయం కింద కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగినప్పుడు పాత జటప్రోలు కూడా మునిగింది. గుళ్లను రాయి రాయి విప్పి గట్టుకు తెచ్చి మళ్లీ కట్టారు. రాళ్ల మీద నంబర్లు వేశారు, ఆకుల మీద ఎవరు వేస్తారు? ఎడ్లబండి మీద సామాను ఎక్కించేటప్పుడు మొదట బియ్యం బస్తాలు, మంచాలు, గుమ్మాలు, దూలాలు ఎక్కాయి. తాత రాసుకున్న కట్టలు చివర్లో జ్ఞాపకమొస్తే ఎక్కాయి, లేకపోతే లేదు. ఆ ఊళ్ల ముసలివాళ్లతో కూర్చుంటే ఈ మాట చాలామంది నోట విన్నాను. కొందరు కట్టలను తామే కృష్ణలో వదిలారు. చదవడం రాని పుస్తకాన్ని ఇంట్లో పెట్టుకోవడం పాపమనుకున్నారు, నదిలో కలపడం పుణ్యమనుకున్నారు.

తాటాకుల మీద వ్యాపారం చేయాలనుకునేవాళ్లకు ఒక మాట. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చారిత్రకంగానో సాహిత్యపరంగానో విలువున్న రాతప్రతి 75 ఏళ్లు దాటితే పురావస్తువు కిందికి వస్తుంది. దేశం దాటించకూడదు. లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు. మీ ఇంట్లో కట్ట ఉంటే అమ్మకానికి తిప్పకుండా హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో చూపించడం మేలు.

అచ్చు పుస్తకం దగ్గరికి వస్తాను. నాకు ఎక్కువ పాఠాలు నేర్పింది ఒక్క పుస్తకం. ఎనిమిదేళ్ల కింద ఆ వనపర్తి దుకాణంలోనే దొరికింది. ఆ రోజు దుకాణదారుడు చింపబోతుంటే పట్టుకున్నాను. ‘గిది పనికిరాదు సారూ, ముట్టుకుంటే రాలుతుంది’ అన్నాడు. క్రౌన్ సైజు. నాలుగు పొత్తాలు కలిపి కుట్టి, పైన ముతక గుడ్డ అంటించిన బైండు. అప్పట్లో సన్న పుస్తకాలను ఇలా ఒకచోట కుట్టించుకోవడం మామూలే. మొదటి మూడింటికీ ముఖపత్రాలు లేవు. నాలుగోది ఒక శతకం. దానికి ముఖపత్రం సగం ఉంది. పేరు, అచ్చుకూటం పేరు చినిగిపోయి, కింద ‘రాక్షస నామ సంవత్సరము’ అన్న మాట, దాని కింద చెన్నపురి అన్న ఊరి పేరు మాత్రం మిగిలాయి.

రాక్షస అంటే అరవైలో 49వది. 1855–56 ఒక రాక్షస, 1915–16 ఇంకో రాక్షస, 1975–76 మరొకటి. మూడోది కాదని చూడగానే తెలుస్తుంది. మరి మొదటిదా, రెండోదా? మధ్యలో అరవై ఏళ్ల తేడా. 1855 నాటిదైతే అది తెలుగు అచ్చు బాల్యంలోది, వావిళ్ల రామస్వామి శాస్త్రులు మద్రాసులో అచ్చుకూటం పెట్టిన మరుసటేడుది. 1915 నాటిదైతే ముసలివాళ్ల ఇళ్లలో ఇంకా దొరికేది. నా గుండె 1855 అనే అంది. పాత పుస్తకాలు ఏరేవాడు మొదట నమ్మకూడనిది తన గుండెనే.

కాగితం చూశాను. అంచులు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పెళుసుగా రాలుతున్నాయి. చాలామంది ఇది చూసి ‘ఎంత పాతదో!’ అంటారు. అది తప్పు. గుడ్డపీలికలతో చేసిన 19వ శతాబ్దపు తొలినాళ్ల కాగితం ఈ రోజుకీ మెత్తగా వంగుతుంది. కలప గుజ్జుతో చేసిన కాగితం వచ్చాకే ఈ పెళుసుదనం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి కాగితపు కరువులో అచ్చయిన పుస్తకాలు వాటికంటే నూరేళ్లు పెద్దవైన పుస్తకాల ముందు ముసలివాళ్లలా కనిపిస్తాయి. అంటే మన శతకం కాగితం 1915 వైపు మొగ్గింది.

తర్వాత అక్షరం. అరసున్నలు, శకటరేఫలు ఉన్నాయి. వలపలగిలక అక్కడక్కడ ఉంది. ఇవి 20వ శతాబ్దంలోకి చాలా దూరం నడిచి వచ్చినవే కాబట్టి వీటితో తేల్చలేం. పేజీ అంకెలు ఇంగ్లిషువి, తెలుగు అంకెలు కావు. ఇదీ 1915 వైపే, కానీ ముడి గట్టిగా పడలేదు. చివరి కాగితం తిప్పాక పడింది. అట్ట లోపలివైపు అంటుకుపోయి ఉన్న ఆ కాగితం కింద సన్న అక్షరాల్లో ఒక పంక్తి. 1867వ సంవత్సరం 25వ ఆక్టు ప్రకారం ఈ పుస్తకం రిజిష్టరు చేయించబడినదని. బ్రిటిష్ ఇండియాలో అచ్చయిన పుస్తకాలను నమోదు చేయించమని చెప్పిన చట్టం అది. 1867లో వచ్చిన చట్టాన్ని 1855లో ఎవరూ పేర్కొనరు. అట్టతో పాటు ఆ కాగితం బస్తాలోకి పోయి ఉంటే, నేను ఈ శతకాన్ని 1855 నాటిదని ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ని.

అదే కాగితం మీద వెల ఉంది. ‘హాలీ 4 అణాలు’. మద్రాసులో అచ్చయిన పుస్తకానికి హాలీ వెల ఎందుకు? హాలీ సిక్కా నిజాం రూపాయి. బ్రిటిష్ రూపాయిని మనవాళ్లు కల్దారు అనేవారు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దారు రూపాయలతో సమానం. మద్రాసు చందాదారు కోసం వేసిన పుస్తకానికి కల్దారు వెల వేస్తారు. హాలీ వేశారంటే అచ్చు అక్కడ జరిగినా చదివేవాళ్లు ఇక్కడివాళ్లన్నమాట. మద్రాసు అచ్చు కాబట్టి ఆంధ్ర దేశపు పుస్తకమని పట్టికల్లో చేరిపోయిన మన ప్రాంతపు పుస్తకాలు ఎన్ని ఉన్నాయో! వెల చూసేవాడు లేకపోతే పుస్తకం ఊరు మారిపోతుంది.

ఇక అట్ట లోపలి చేతిరాత. నల్లసిరా గోధుమరంగుకు తిరిగింది. సంస్థాన సభలో విజయదశమి నాడు బహుమానంగా పొందినది అని, కింద ‘1325 ఫ. ఆజూరు’ అని ఉంది. మా నాయన పట్వారీ. నిజాం ఏలుబడిలో నడిచిన, ఆజూరు నెలతో మొదలయ్యే ఫసలీ సంవత్సరాల లెక్క నాకు పలక మీదే నేర్పాడు. ఫసలీకి 590 కలుపు, ఆజూరు నుంచి డిసెంబరు దాకా అదే ఇంగ్లిషు సంవత్సరం, డిసెంబరు దాటితే ఇంకొకటి కలుపు. 1325కు 590 కలిపితే 1915. ఆజూరు అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. ఆ ఏడు విజయదశమి అక్టోబరు నడిమిలో పడింది. రాక్షస సంవత్సరం 1915 ఉగాదితో మొదలైంది. మూడు లెక్కలు మూడు దిక్కుల నుంచి వచ్చి ఒకే గుమ్మంలో నిలబడ్డాయి. ఉగాదికీ దసరాకూ మధ్య అచ్చయింది, సభలో ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది. ఏ సంస్థానమో రాయలేదు. రాసుకున్నాయనకు ఆ మాట అక్కర్లేదు, ఆయన ఎరిగిన సంస్థానం ఒక్కటే.

మిగతా మూడు పొత్తాల సంగతి? ముఖపత్రం లేనంత మాత్రాన పద్యకావ్యం అనాథ అయిపోదు. ప్రతి ఆశ్వాసం చివరా గద్య ఉంటుంది. అందులో కవి తన తండ్రి పేరు, బిరుదులు, కావ్యం పేరు, ఎన్నో ఆశ్వాసమో చెప్తాడు. అవతారికలో కృతిపతి వంశవర్ణన ఉంటుంది, షష్ఠ్యంతాల్లో ఆయన పేరు ఉంటుంది. పుస్తకం పూర్తిగా ఉందో లేదో తెలియాలంటే పేజీలతో పాటు ఫారాలు కూడా లెక్కపెట్టాలి. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున సన్నగా ఒక అంకె ఉంటుంది, అవి వరుసగా వస్తున్నాయా చూడాలి. తప్పొప్పుల పట్టిక ఉంటే పారేయొద్దు. తర్వాతి ముద్రణలో ఆ తప్పులు దిద్ది ఉంటాయి కాబట్టి, మన చేతిలోది మొదటి ముద్రణో కాదో తేల్చేది చాలాసార్లు ఆ పట్టికే.

మొదటి ముద్రణ అంటే గుర్తొచ్చింది. ఇంగ్లిషు పుస్తకాల లోకంలో మొదటి ముద్రణకు పూజ చేస్తారు. షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటం 1623లో వచ్చింది. దాదాపు 235 ప్రతులు మిగిలి ఉన్నాయి. 2020లో ఒకటి వేలంలో కోటి డాలర్ల దాకా పలికింది. మన సంస్థానపు కావ్యాలకు రెండు మూడు ప్రతులకు మించి మిగలనివి నేనే చూశాను. అరుదు చేతనే ధర వచ్చేట్టయితే అవి కోటలంత పలకాలి. నాకవి కిలో 12 రూపాయలకు వచ్చాయి. అరుదైనంత మాత్రాన చాలదు, అడిగేవాడు ఉండాలి. అడగాలంటే అది ఏమిటో తెలిసి ఉండాలి.

పాత పుస్తకం ఏమిటో తెలిసినవాడు ఎలా ఉంటాడో ఈ నేల చూసింది. మానవల్లి రామకృష్ణకవి కొంతకాలం వనపర్తి సంస్థానంలో ఉన్నారు. లోకం మరిచిపోయిన కవులను తవ్వి తీయడం ఆయన వ్యసనం. నన్నెచోడుడి ‘కుమారసంభవము’ తంజావూరు తాటాకుల్లో పడి ఉంటే 1909లో తొలి భాగం అచ్చులోకి తెచ్చారు. నన్నెచోడుడు నన్నయకు ముందువాడని పీఠికలో అన్నారు. ఆదికవి పీఠం కిందికే గడ్డపార పెట్టినట్టయింది. పండితులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. ఆ వాదంలో ఎవరు నెగ్గారన్నది పక్కనపెడితే, పాత పుస్తకాల మనిషిగా నాకు కనిపించేది ఒకటే. గొడవంతా పీఠికతో మొదలైంది. 1909 ప్రతి దొరికినా పీఠిక లేకపోతే చేతిలో కావ్యం ఉంటుంది, ఆ తుఫాను ఉండదు. తర్వాత ఇదే రామకృష్ణకవి అభినవభారతి వ్యాఖ్యతో భరతుడి నాట్యశాస్త్రాన్ని బరోడా గ్రంథమాలకు పరిష్కరించారు. మొదటి సంపుటం 1926లో వచ్చింది.

మొదటి ముద్రణ పూజ మనకు ఎంత సరిపోతుందో చెప్పడానికి సురవరం ప్రతాపరెడ్డి పుస్తకాలు మంచి ఉదాహరణ. ఆయన 1896లో పుట్టారు, సొంతూరు ఇప్పటి గద్వాల జిల్లా ఇటిక్యాలపాడు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. 354 మంది కవులు. అందులో పాలమూరు సంస్థానాల కవులు గుంపులు గుంపులుగా ఉన్నారు. తర్వాత పునర్ముద్రణలు వచ్చాయి, మంచిదే. కానీ 1934 ప్రతి నాకు దొరికినప్పుడు దాని అంచుల్లో పెన్సిల్ గీతలున్నాయి. కొన్ని పేర్ల పక్కన ‘మా గురువులు’, ‘వీరు గతించిరి’, ఒక పేరు పక్కన ‘అబద్ధము’ అని. ఎవరో ఆ కవులందరినీ ఎరిగినవాడు, వాళ్ల మధ్య బతికినవాడు, తన ఊరి జనాభా లెక్క సరిచూసుకున్నట్టు చదివాడు. సంచికను ఎవరైనా మళ్లీ అచ్చేయగలరు. ఆ పెన్సిల్‌ను అచ్చేయలేరు.

‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ సంగతి ఇంకోలా ఉంటుంది. 1949లో వచ్చింది. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే, అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. మొదటి ముద్రణ చేతిలో ఉంటే గొప్పే. కానీ రెండో ముద్రణకు సురవరం మళ్లీ పీఠిక రాశారు. పండితుల ఉత్తరాలు చూసుకుని దిద్దుకున్న మనిషి అందులో కనిపిస్తాడు. చదువుకునేవాడికి రెండోదే బరువు. అందుకే ఎవరైనా ‘మొదటి ముద్రణేనా?’ అని అడిగితే, ‘మీరు దాచుకుంటారా, చదువుకుంటారా?’ అని నేను ఎదురు అడుగుతాను.

పుస్తకాల కంటే అరుదైనవి పత్రికలు. 1913లో మహబూబ్‌నగర్ నుంచి ‘హితబోధిని’ అనే పత్రిక వెలువడింది. పుస్తకం ఇంట్లో పూజగదికి చేరుతుంది, పత్రిక మాత్రం చదివిన మర్నాడు పొట్లమవుతుంది. అలాంటి పత్రిక విడి సంచిక ఒక్కటి, పసుపు మరకతోనైనా సరే, మీ ఇంటి పెట్టెలో అడుగున పరిచి ఉందేమో చూడండి. ట్రంకు పెట్టెల అడుగున పరిచే కాగితం అంత బాగా ఇంకెక్కడా భద్రంగా ఉండదు.

ఈ పనిలో నేను గురువులాగా భావించేది నాగర్‌కర్నూల్ కపిలవాయి లింగమూర్తి గారిని. పాలెం ఓరియంటల్ కాలేజీలో పాఠాలు చెప్పి, ఊరూరూ తిరిగి గుళ్లు, శాసనాలు, కైఫియతులు, తాటాకులు వెతికి, ‘పాలమూరు జిల్లా దేవాలయాలు’తో పాటు ఎన్నెన్నో పుస్తకాలు రాశారు. 2018 నవంబరులో 90 ఏళ్ల వయసులో పోయారు. పాత పుస్తకాన్ని ఊరు ఆనవాలుతో కలిపి చూడటం ఆయన రాతల నుంచే నాకబ్బింది. పుస్తకం దొరికిన చోటు రాసి పెట్టుకోకపోతే అది దొరకనట్టే. మీరు ఒక పుస్తకం ఎత్తుకోగానే ఏ ఊరు, ఏ ఇల్లు, ఎవరి అటక అన్నది ఒక చీటీ మీద రాసి లోపల పెట్టండి. పుస్తకం మీద రాయొద్దు. సెల్లో టేపు అంటించొద్దు, అది పదేళ్లలో కాగితాన్ని తినేస్తుంది. పెట్టెలో వసకొమ్ము వేసుకోండి, వేపాకు వేసుకోండి. రెండూ మన పెద్దలు వాడినవే.

ఇంత చెప్పిన నేనూ ఒకసారి మోసపోయాను. మనుషుల చేతిలో అనను, నా తొందర చేతిలో. ఒక సంస్థవాళ్లు అరుదైన పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తామంటే, నా దగ్గరున్న సంస్థానపు కావ్యం ఒకటి సంతోషంగా ఇచ్చాను. ఆరు నెలలకు తిరిగొచ్చింది. యంత్రంలో చదునుగా పడాలని వెన్ను కోసేశారు. విడికాగితాలను రబ్బరు బ్యాండుతో కట్టి పంపారు. లెక్కపెట్టుకుంటే కృతిపతి పటం, అంకితం, పీఠిక మొదటి పుట లేవు. ఫోన్ చేస్తే అటువైపు పిల్లవాడు ఎంతో మర్యాదగా, ‘సార్, మెయిన్ మ్యాటర్ అంతా వచ్చింది కదండీ’ అన్నాడు. నాకు కోపం రాలేదు, వనపర్తి దుకాణం గుర్తొచ్చింది. అక్కడ ఇనప త్రాసు, ఇక్కడ స్కానరు. ఇద్దరి లెక్కా ఒకటే. అట్ట వేరు, లోపలి సరుకు వేరు. ఇంటర్నెట్‌లో ఈ రోజు దొరికే పాత తెలుగు పుస్తకాల్లో ముఖపత్రం జారిపోయినవి, పీఠిక సగంలో తెగినవి ఎన్ని చూశానో లెక్క లేదు. పద్యాలన్నీ భద్రం. పద్యం ఎవరి ఇంట్లో పుట్టిందో మాత్రం తెలియదు.

అందుకే విలువ ఎంత అని నన్నడిగినవాళ్లకు నేను రూపాయల్లో చెప్పను. మొదటి నాలుగు పుటలు, చివరి రెండు పుటలు ఉన్నాయా అని అడుగుతాను. ఉంటే చాలా ఉంది. లేకపోతే, గద్యలోనో షష్ఠ్యంతంలోనో వాటి నీడ దొరుకుతుందా అని వెతుకుదాం అంటాను. సంస్థానపు పుస్తకం అమ్మడానికి పుట్టలేదు కాబట్టి దానికి బజారు విలువ మొదటి నుంచీ లేదు. ఒకరు ఇస్తే ఒకరు పుచ్చుకున్నారు. ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, ఇచ్చిన రోజు చెరిగిపోతే మిగిలేది కాగితమే. కాగితానికి దుకాణదారుడు చెప్పిన రేటే న్యాయమైన రేటు.

ఆ శతకాన్ని మిగతా మూడు పొత్తాలతో సహా అలాగే ఉంచాను. విడదీసి కుట్టిస్తే అందంగా ఉంటుందని బైండింగు అతను అన్నాడు. వద్దన్నాను. ఆ నాలుగింటినీ ఒకచోట కుట్టించుకున్నవాడు ఏం చదివేవాడో ఆ కుట్టు చెప్తోంది.

దుకాణదారుడికి మాత్రం ఒక ఒప్పందం చేశాను. తెలుగు పుస్తకం ఏది వచ్చినా చింపకుండా పక్కన పెడితే, అట్టను కూడా కాగితం రేటుకే లెక్కగట్టి ఇస్తానని. మొదట్లో నవ్వాడు. ఇప్పుడు అలవాటైపోయింది. మొన్న పొద్దున ఫోన్ చేశాడు.

‘సారూ, కొల్లాపూరు కెళ్లి ఒక బస్త వచ్చింది. పాత పుస్తకాలే ఉన్నట్టున్నయి. చదువుదామంటే నాకైతే రాదు. అట్టలు మాత్రం చింపలే.’

చెప్పులేసుకుని బయల్దేరాను.